బానెట్ మీద అత్తమ్మ వేళ్లు

ఆ మూడు రోజులూ నేను ఆకాశాన్ని తల వంచుకునే చూశాను.

కారు బానెట్ మీద గుడ్డ తిప్పుతుంటే నా చేతి కింద మబ్బులు కదిలేవి. పక్క బంగళా గోడ మీంచి వేలాడే కాగితం పూలు ఆ నలుపులో గులాబీ రంగు చారలా సాగి, నా మోచేయి అడ్డం వచ్చినప్పుడు విరిగి, చేయి తీయగానే మళ్లీ అతుక్కునేవి. దూరంగా మాదాపూర్ వైపు లేస్తున్న అద్దాల మేడల మీద ఒక క్రేను ఎప్పుడూ మెల్లగా తిరుగుతూ ఉండేది. అదీ వచ్చి మా కారులో తిరిగేది. ఒక్కోసారి చేస్తున్న పని మర్చిపోయి, గుడ్డ అలాగే నొక్కిపట్టి, ఆ క్రేను అటు చివర నుంచి ఇటు చివరికి వచ్చేదాకా చూస్తూ ఉండిపోయేదాన్ని.

"గుడ్డ ఒక్కకాడ ఆపకు, మచ్చ పడ్తది," అని మా ఆయన చక్రం పక్క నుంచి కేక వేస్తే మళ్లీ ఈ లోకంలోకి వచ్చేదాన్ని.

ఫిల్మ్ నగర్ గుట్ట దిగి షేక్‌పేట వైపు పోయే వాలులో, ఒక బంగళా వెనక రెండు గదుల కిరాయి ఇల్లు మాది. మా ఆయన, నేను, మా అత్తమ్మ. ఇంటి ముందు సరిగ్గా ఒక కారు పట్టేంత జాగా ఉండేది. ఆ జాగా కోసమే ఆ ఇల్లు తీసుకున్నామంటే నమ్మండి. వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు బయటికి పోవాలి. కారుకు మాత్రం పొద్దున ఒక గోడ నీడ, సాయంత్రం ఇంకో గోడ నీడ.

అది నల్ల కారు. పాతకాలపుది, గుండ్రటి ముక్కు, బలిసిన మడ్‌గార్డులు, వెనక కూర్చుంటే మంచం మీద కూర్చున్నట్టుండే సీటు. మా ఆయన చాలాకాలం ఒక పెద్దాయన ఇంట్లో డ్రైవరుగా చేశారు. ఆ పెద్దాయన కొత్త బండి తీసుకున్నప్పుడు ఈ పాతది మా ఆయన చేతికి వచ్చింది. అప్పటి నుంచి సినిమా కంపెనీలకు కిరాయికి తిప్పేవారు. స్టేషన్ నుంచి ఆర్టిస్టులను తెచ్చేవారు, స్టూడియో నుంచి హోటలుకు డాన్సు మాస్టర్లను దింపేవారు. పండగ నాడు షూటింగ్ ఉంటే బండి మీద బంతిపూల దండ వేసుకుని వెళ్లేవారు. ఒకరి కింద కాదు, తన బండి తనది. ఆ ఒక్క మాటకే ఆయన మెడ కాస్త నిటారుగా ఉండేది.

తర్వాత సాఫ్ట్‌వేర్ కాలం వచ్చింది. ఎక్కడ చూసినా తెల్ల బండ్లే. ముందు అద్దం మీద కంపెనీ కాగితం అంటించుకుని, నల్ల అద్దాలు ఎత్తుకుని, లోపల చల్లగాలి పెట్టుకుని, మెడలో ఐడీ కార్డుల పట్టీలు వేసుకున్న పిల్లలను ఎక్కించుకుని మా వాలు మీంచే పోయేవి. ఆ చల్లగాలికి సినిమావాళ్లూ అలవాటు పడ్డారు. "ఏసీ ఉందా?" అని అడిగేవారు. మా బండిలో ఉన్న గాలి కిటికీ గాలే. పిలుపులు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. బండి గోడ పక్కన నిలబడిపోయింది. దాని మీద దుమ్ము పడింది, దుమ్ము మీద చినుకులు పడ్డాయి, చినుకుల మీద మళ్లీ దుమ్ము పడింది. నలుపు పోయి బూడిద గుమ్మడికాయలా తయారైంది.

మోతీనగర్ నుంచి పాత బండ్లు తుక్కు కింద కొనే అతను ఒకడు వచ్చి, చుట్టూ తిరిగి, డోర్లు తీసి వేసి, "శుక్రవారం వచ్చి తీస్కపోతా" అన్నాడు. మా ఆయన సరే అన్నారు. బండి పోయాక ఒక క్యాబుల కంపెనీలో జీతానికి చేరాలని కూడా మాట అయిపోయింది. ఆ రోజు ఆయన అన్నం ముందు కూర్చుని మెతుకులను కంచంలో అటు నుంచి ఇటు జరిపారు. అత్తమ్మ ఊరుకునే మనిషి కాదు.

"ఏందిరా, అన్నంల రాళ్లేరుతున్నవా? కోడలు ఏరే వండింది, తిను."

"తింటున్న గదమ్మా."

"ఏడ తింటున్నవ్? దాంతోని ఆడుకుంటున్నవ్."

సరిగ్గా ఆ వారంలోనే, ఆదివారం నాడు, ఒక ప్రొడక్షన్ మేనేజరు మా సందులోకి వచ్చాడు. సినిమాకు కావలసిన మనుషులను, బండ్లను కుదిర్చే మనిషి. మా ఆయనకు పాత పరిచయం, కోస్తా వైపు మాట.

"ఏంటయ్యా, నీ నల్ల బండి ఉందా, అమ్మేశావా?"

"ఉంది సార్. శుక్రారం దాంక ఉంటది."

"గురువారం తీసుకురా. పాతకాలం పెళ్లి సీను, జూబ్లీహిల్స్ బంగళాలో. నచ్చితే షెడ్యూలంతా నీ బండే. ఇంకో రెండు పిక్చర్లవాళ్లు కూడా పాత బండి కోసం వెతుకుతున్నారు, వాళ్లకీ చెప్తాను." అంటూ వేలితో బానెట్ మీద గీత గీసి, ఆ వేలు చూసుకున్నాడు. "కానీ ఇలా తెస్తే గేటు దగ్గరే ఆపేస్తా. జమీందారు గారి బండి ఇది. మెరవాలి."

గురువారం నచ్చితే బండి మాది. నచ్చకపోతే శుక్రవారం మోతీనగర్ మనిషిది. ఇక మాకు వేరే ఆలోచన లేదు.

సోమవారం పొద్దున్నే మొదలుపెట్టాం. కారును మెరిపించడమంటే బోళ్లు తోమినట్టే కదా అనుకున్నాను. కాదని మొదటి గంటలోనే తెలిసింది. ముందు నీళ్లు పోసి దుమ్మును దానంతట దాన్ని జారనివ్వాలి. తొందరపడి రుద్దితే ఆ దుమ్మే రంగును గీరేస్తుంది. తర్వాత సబ్బు నీళ్లతో పైనుంచి కిందికి కడగాలి. కింద పడ్డ గుడ్డను మళ్లీ ముట్టుకోకూడదు, ఎంత కొత్తదైనా సరే. ఆరాక మా ఆయన ఒక పల్చటి కూరగాయల కవరు నా చేతికి తొడిగి, "ఇప్పుడు తడుము" అన్నారు. కంటికి నున్నగా కనిపించిన డోరు కవరు లోంచి ఇసుక కాగితంలా తగిలింది. ఒట్టి చేతికి తెలియని గరుకు కవరు వేసుకుంటే ఎలా తెలుస్తుందో నాకు ఇప్పటికీ వింతే.

"గిదంతా పోవాలె," అన్నారు ఆయన.

గుడ్డల కోసం అత్తమ్మ తన పాత నేత చీర తెచ్చి నా ఒళ్లో పడేసింది. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన చీర.

"అంచు జింపి పారెయ్యి పిల్లా, అంచు గీరుతది. నడిమిది మెత్తగుంటది."

"మంచిగున్నది గదత్తమ్మా, ఇంకా కట్టుకోవచ్చు."

"నేను కట్టుకుంటే ఎవరు జూస్తరే? కారు కట్టుకుంటే సిన్మల వడ్తది."

పాలిష్ డబ్బా మూత తీస్తే కిరసనాయిలు, మైనం కలిసిన వాసన. ఆ వాసన ఇప్పుడు ఎక్కడైనా తగిలితే నాకు కాగితం పూలు గుర్తొస్తాయి. ఎండ తగలని వైపు మాత్రమే రుద్దాలి, రేకు చల్లగా ఉండాలి. అందుకని మేము నీడతో పాటు కారు చుట్టూ తిరిగేవాళ్లం. పొద్దున ఎడమ వైపు, మధ్యాహ్నం అన్నాలు తిని ఒక కునుకు, సాయంత్రం కుడి వైపు.

"గట్ల బండకేసి బట్టలు రుద్దినట్టు రుద్దకు. చిన్నగ తిప్పు, దోశె తిప్పినట్టు."

"దోశె నువ్వెప్పుడన్న పోసినవా?"

"తిన్న గదనే. గుండ్రంగనే ఉంటది."

అత్తమ్మ గడప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మమ్మల్ని చూసేది. "కారుకు గింత సేవ జేస్తున్నరు. నా మోకాళ్లకు ఎవలన్న గిట్ల నూనె రాసిన్రా?" అనేది. రాయడానికి వెళ్తే మాత్రం కాళ్లు ముడుచుకునేది. "పో పో, గా చేతులు నల్లగున్నయ్."

నిజంగానే నల్లగా ఉండేవి. పాత కార్ల రంగు గుణం అది, రుద్దితే గుడ్డకు అంటుతుంది. తెల్లటి చీర ముక్క ఒక్క డోరు అయ్యేసరికి కాటుక గుడ్డలా అయ్యేది. మా ఆయన ప్రతి గుడ్డనూ వెలుతురులో పట్టి చూసేవారు.

"ఎందుకట్ల జూస్తవ్?"

"ఎంత పోతుందో జూస్తున్న. మెరుస్తుంది అనుకుంటం గని, కొంచెం కొంచెం బండే గుడ్డల కొస్తుంది. రంగు పల్చవడ్తది. మరీ రుద్దితే కింద ఎర్ర పూత తేల్తది."

మంగళవారానికి డోర్లు లేచాయి. లేచాయనే అనాలి, మెరిశాయి అంటే చాలదు. నిద్రలో ఉన్న మనిషి కళ్లు తెరిచినట్టు, ఆ నలుపు లోపల నుంచి ఏదో పైకి వచ్చింది. వెనక డోరులో మా ఇల్లు కనిపించింది. అందులో మా ఇల్లు బాగుంది. గోడల పెచ్చులు కనిపించడం లేదు. గడప మీద అత్తమ్మ, ఆమె ముందు చేట, ఆ వెనక చీకటి గదిలో వెలుగుతున్న స్టవ్ నీలం మంట, అన్నీ ఎక్కడో చెరువు అడుగున ఉన్నట్టు మెత్తగా ఊగుతున్నాయి. రేకు మీద చెయ్యి పెడితే తడి తగులుతుందేమో అనిపించింది.

బుధవారం బానెట్ దగ్గరికి వచ్చాం. అక్కడే చిక్కు వచ్చింది.

దుమ్ము, పాత మైనం పోయేకొద్దీ బానెట్ మధ్యలో ఐదు మచ్చలు తేలడం మొదలయ్యాయి. ముందు నీటి చుక్కలు అనుకుని తుడిచాను. పోలేదు. చుట్టూ నలుపు అద్దమయ్యేకొద్దీ అవి మసక మసకగా, పొగ పట్టిన చోటల్లే స్పష్టంగా వచ్చాయి. వరుసగా ఐదు, పక్కపక్కనే. నడిమిది మాత్రం వరుస తప్పి కాస్త కిందికి ఉంది.

నేను చూస్తుండగానే అత్తమ్మ చేట పక్కన పెట్టి వచ్చి, కళ్లు చికిలించి, తన కుడి చెయ్యి వాటి మీద పెట్టింది. ఐదు వేళ్లూ ఐదింటి మీద కూర్చున్నాయి. ఆమె నడిమి వేలు చిన్నప్పుడు ఇసుర్రాయి కింద పడి వంకరపోయింది. ఆ వంకర వేలు ఆ వంకర మచ్చ మీద సరిగ్గా అమరింది.

"గివి నా వేళ్లేరా," అంది.

ప్రతి దసరాకు బండికి బొట్లు పెట్టేది ఆమే. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టడం మా ఆయన వంతు, కొబ్బరికాయ నా వంతు. బానెట్ మాత్రం అత్తమ్మది. పసుపు గిన్నెలో ఐదు వేళ్లూ ముంచి ఒక్కసారిగా అద్దేది. దాన్ని ఎవరూ తుడవకూడదు, దానంతట అదే రాలిపోవాలి. రాలేదాకా ఎండలో, మంచులో అలాగే ఉండేది.

మా ఆయన వంగి గోటితో మచ్చ అంచును తాకి చూశారు. "అమ్మా, పసుపుల ఏం గలిపినవ్?"

"సున్నం."

"సున్నమా? కారుకా?"

"కలపకుంటే ఎట్లరా? ఉత్త పసుపు గాలికే రాలిపోతది. కొడుకు రోడ్ల మీద తిరుగుతడు, బొట్టు జల్ది రాలొద్దని జర్రంత కలిపిన. ఎర్రగ పట్టుకుంటది."

"పట్టుకున్నది. రంగును గూడ పట్టుకున్నది."

ఏటా అదే చోట, అదే సున్నం, అదే ఎండ. అక్కడి రంగును సున్నం తినేసింది. కోపం చేసుకుందామన్నా ఎవరి మీద చేసుకుంటాం? అత్తమ్మ ఏమీ బెంబేలు పడలేదు. "రుద్దు, పోతది. వేళ్లు నా దగ్గర ఇంకున్నయ్," అంది. మా ఆయన ఒక మచ్చ మీద గుడ్డ పెట్టి నాలుగు తిప్పులు తిప్పి, గుడ్డ ఎత్తి వెలుతురులో చూసి, ఆపేశారు.

"ఇగ రుద్దద్దు. ఇంకో రెండు దిప్పితే ఎర్రది ఎల్తది. గప్పుడు మచ్చ గాదు, పుండు అయితది."

"పక్కపొంట మెరుపు జర తగ్గిద్దాం. అప్పుడు కలిసిపోతది," అన్నాను నేను.

ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కళ్ల ముందుంది. చంటిపిల్లకు సగం తల దువ్వి వదిలేద్దామని నేనన్నట్టు చూశారు. మెరుపు తగ్గించలేదు. ఎంత మెరిపిస్తే అంత బయటపడ్డాయి ఆ వేళ్లు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు అక్కడ ఎవరో బండిని వెళ్లకుండా చేత్తో పట్టి ఆపినట్టే ఉంది.

గురువారం బయలుదేరుతుంటే అత్తమ్మ అప్పటికే ఇస్త్రీ చీర కట్టుకుని వెనక సీట్లో కూర్చుని ఉంది.

"నువ్వేడికమ్మా?"

"నా వేళ్లు పోతున్నయ్ సిన్మల పడనీకి. నేను రావొద్దా?"

నేను గుడ్డల మూట ఒళ్లో పెట్టుకుని ముందు కూర్చున్నాను. గుట్టలు ఎక్కి దిగుతూ, బండలు పగలగొట్టి కడుతున్న బంగళాల పక్కగా జూబ్లీహిల్స్ చేరాం. మా ఆయన ఇసుక లారీ కనిపిస్తే చాలు, ఆగి దాన్ని ముందు పోనిచ్చారు. షూటింగ్ బంగళా గేటు దగ్గర దిగి మళ్లీ అంతా తుడిచాం. మేనేజరు వచ్చి చూసి, నోరు తెరిచి, "అబ్బో" అన్నాడు. ఆ ఒక్క మాటకు నా చేతుల నొప్పులు పోయాయి. బానెట్ మీది మచ్చలను అతను చూడలేదు. మా ఆయన వాటికి అడ్డంగా నిలబడి ఉన్నారు లెండి.

బండిని పోర్టికో ముందు నిలబెట్టారు. దీపాలు వెలిగించారు. కెమెరామన్ గారు, తెల్ల గడ్డం, తల మీద గుడ్డ టోపీ, కెమెరాకు కన్ను ఆనించి చాలాసేపు చూశారు. తర్వాత కన్ను తీసి తల అడ్డంగా ఊపారు.

"ఇది కుదరదయ్యా. కారులో అన్నీ పడుతున్నాయి. లైట్లు, స్టాండ్లు, మనుషులు, నా టోపీ కూడా. ఏమిటిది, కారా, నిలువుటద్దమా?"

మేనేజరు మొహం మాడిపోయింది. మా ఆయన మీదికి తిరిగాడు. "మెరవాలన్నానయ్యా, ఇంతలా ఎవడు చెప్పాడు నీకు?" అంటూనే ఒకతన్ని కేకేశాడు. అతను ఒక డబ్బా తెచ్చాడు. మెరుపు చంపడానికి కొట్టే స్ప్రే అట. మూత తీస్తుంటే మా ఆయన వెళ్లి అడ్డంగా నిలబడ్డారు.

"సార్, గది వద్దు. దీని రంగు పల్చగున్నది. గది కొడ్తే మళ్ల తుడిచేటప్పుడు రంగు లేస్తది."

"అయితే బండి తీసుకుపో. ఇంకోటి తెప్పిస్తాను."

మా ఆయన పక్కకు జరగలేదు. బండిని నిలబెట్టుకోవాలంటే దాని రంగు పోగొట్టాలి. రంగు కాపాడుకుంటే రేపు మోతీనగర్ మనిషి వస్తాడు. ఆయన చేతులు రెండూ వెనక డోరుకు ఆనించి ఉన్నాయి. నేను గుడ్డల మూట గుండెకు పట్టుకుని నిలబడ్డాను.

కెమెరామన్ గారు నడుచుకుంటూ వచ్చారు. వేళ్ల వెనక వైపుతో డోరు మీద మెల్లగా రాశారు.

"ఎవరమ్మా దీన్ని ఇలా చేసింది?"

"మేమే సార్. ఇద్దరం."

"ఎన్నాళ్లు?"

"సోమవారం నుంచి."

"ఇలా రా అమ్మా. మీ పని మీరే చూద్దురు గాని."

నన్ను కెమెరా దగ్గరికి తీసుకెళ్లి, ఒక కన్ను మూసుకుని రెండో కన్ను ఆనించమన్నారు. మెత్తటి నల్ల రబ్బరు నా కంటి చుట్టూ చల్లగా తగిలింది. ముందు చీకటి. తర్వాత కారు వచ్చింది, ఒక్క డోరే, ఎంతో దగ్గరగా. ఆ డోరులో ఇంకో బంగళా ఉంది. ఇంకో పోర్టికో, అందులో చిన్న చిన్న సూర్యుళ్లలా దీపాలు, గొడుగు పట్టుకున్న మనిషి, టీ గ్లాసుల పళ్లెం మోస్తున్న మనిషి, అందరూ వంగిన రేకు మీద పొడుగ్గా సాగి, నీళ్లలో నడుస్తున్నట్టు నడుస్తున్నారు. వాళ్ల మధ్య ఒక పెట్టె మీద కూర్చుని తమలపాకు నములుతోంది మా అత్తమ్మ. అంత చిన్నగా, అంత స్పష్టంగా ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు. ఆ నీళ్లలోకి మేమే దారి చేశామా అనిపించింది. కన్ను తీయబుద్ధి కాలేదు.

"చూశారా? ఇంత బాగా చేస్తే నేనేం తీయను?" అన్నారు కెమెరామన్ గారు, నవ్వుతూనే. తర్వాత బండి చుట్టూ ఒకసారి తిరిగి, మా ఆయనతో అన్నారు: "స్ప్రే వద్దులే. బండిని కొంచెం ఏటవాలుగా తిప్పు. ఈ వెనక డోరులో ఆ గోడ మీది పూలు ఒక్కటే పడేట్టు. దాన్ని ముట్టుకోను. మిగతాదంతా మేకప్ పౌడర్ అద్దిస్తాను. కడిగితే పోతుంది. ఏమంటావ్?"

"పౌడరైతే ఏంగాదు సార్," అన్నారు మా ఆయన. డోరు మీంచి చేతులు అప్పుడు తీశారు.

పౌడర్ అద్దింది నేనే. ఇంకెవరి చేయీ పడనివ్వలేదు ఆయన. మూడు రోజులు ఏ చీర ముక్కతో మెరిపించానో అదే చీర ముక్కతో, దోశె తిప్పినట్టు చిన్నగా తిప్పుతూ, మెరుపంతా ఆర్పుకుంటూ వెళ్లాను. మబ్బులు పోయాయి, దీపాలు పోయాయి. బానెట్ దగ్గరికి వచ్చేసరికి అత్తమ్మ నా పక్కకు వచ్చింది.

"పెండ్లిపిల్లకు గొట్టినట్టు గొడ్తున్నవేందే?"

"జిడ్డు గనబడొద్దట అత్తమ్మా."

ఆ మాట అంటుండగానే చూశాను. పౌడర్ కింద ఐదు మచ్చలూ కలిసిపోయాయి. చుట్టూ మెరుపు లేదు కనుక మచ్చా లేదు. ఏ వేళ్ల గురించి రాత్రంతా మా ఆయన పక్క మీద దొర్లారో, ఆ వేళ్లను ఎవరూ చూడనే లేదు. అత్తమ్మ మాత్రం కాస్త చిన్నబోయింది. "అయితే నా వేళ్లు సిన్మల లేవా?" అంది.

ఇక ఆమెతో వచ్చింది తంటా. కెమెరామన్ గారు కన్ను ఆనించి, "ఆ పెద్దమ్మ డోరులో పడుతోంది, పక్కకి" అన్నారు. ఆమె పక్కకి జరిగింది. "ఇంకా పడుతోంది." ఇంకో పక్కకి జరిగింది. "ఇప్పుడు ఇంకా బాగా పడుతోంది."

"నేనేడున్నా గనబడ్తున్ననా?" అని అత్తమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అయితే కారుదే తప్పు. నన్ను ఇడిచిపెడ్తలేదు."

అందరూ నవ్వారు, మేనేజరుతో సహా. చివరికి ఆమెను తెచ్చి కెమెరా వెనకే కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అక్కడ కూర్చుని షాటంతా చూసింది. పెళ్లికూతురు వేషం వేసిన అమ్మాయి వచ్చి వెనక డోరు పక్కన ఆగింది. అంతే షాటు. వెనక్కి తిరిగి ఇంటిని చూస్తుంది. ఆమె చెంప పక్కన, మా డోరులో, గోడ మీది పూలన్నీ గాలికి ఊగాయి.

"ఓకే" అన్నారు. తర్వాత మేనేజరు మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, "రేపు ఏడింటికల్లా ఇక్కడుండాలి. రోజూ ఇంతే, షెడ్యూలయ్యేదాకా" అన్నాడు.

"రేపు శుక్రారం సార్," అన్నారు మా ఆయన, ఎందుకన్నారో ఆయనకే తెలియదు.

"అయితే ఏంటి?"

"ఏం లేదు సార్. వస్త."

మోతీనగర్ మనిషి వచ్చేసరికి బండి షూటింగ్‌లో ఉంది. ఇంటి ముందు ఖాళీ జాగా చూసి అతను, "ఏదమ్మా బండి?" అన్నాడు. అత్తమ్మ గడప మీంచి లేవకుండానే, "డ్యూటీకి పోయింది. కూసో, చాయ్ తాగి పో," అంది. చాయ్ తాగి పోయాడు. క్యాబుల కంపెనీవాళ్లకు మా ఆయన మళ్లీ మొహం చూపించలేదు.

ఆ సినిమా మేము ముగ్గురం వెళ్లి చూశాం. పూలు ఊగిన డోరు వచ్చి పోయింది, ఊపిరి తీసి వదిలేంత సేపు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. చీకట్లో అత్తమ్మ గొంతు హాలంతా వినబడేట్టు అడిగింది: "నేనేదిరా? కుర్చేసి కూసోవెట్టిన్రు గదా?"

తర్వాతి దసరాకు గిన్నె పట్టుకుని బయటికి వచ్చి, "సున్నం కలపాల్నా, వద్దా?" అని కొడుకును అడిగింది. "వద్దమ్మా" అన్నారు. ఒట్టి పసుపులోనే వేళ్లు ముంచింది. చోటు వెతుక్కోనక్కర్లేదు కదా. పాత మచ్చల మీదే పెట్టింది.

కానీ ఆ వేళ్లను నేను సరిగ్గా చూసింది దసరా నాడు కాదు, షూటింగ్ అయ్యాక పడిన మొదటి వానలో. పాలిష్ మీద మైనం పట్టించిన రేకు మీద నీళ్లు పరుచుకోవు. చినుకులన్నీ ముత్యాల్లా విడివిడిగా లేచి నిలబడ్డాయి, బానెట్ నిండా. మైనం పట్టని ఆ ఐదు చోట్ల మాత్రం లేవలేదు. అక్కడ నీళ్లు పల్చగా పరుచుకుని పడుకున్నాయి. ముత్యాల మధ్య తడి చెయ్యి ఒకటి ఇప్పుడే పెట్టి తీసినట్టు, నడిమి వేలు వంకరగా. మేము ముగ్గురం చూరు కింద నిలబడి చూశాం. వాన తగ్గాక ఎండ వచ్చింది. ముత్యాలు ఆరాయి, చెయ్యీ ఆరిపోయింది.

అత్తమ్మ ఇప్పుడు లేదు. బండి ఉంది, పిలుపు వచ్చినప్పుడు ఇప్పటికీ వెళ్తుంది. వానాకాలం ముందు మా ఆయన డబ్బా తీసుకుని నీడ పట్టున మైనం రాస్తారు. నేను గుడ్డలు చింపి ఇస్తాను, అంచులు తీసేసి. డోర్లు అయ్యాక బానెట్ మీదికి వస్తారు. అక్కడ వేలు చిన్నగా తిప్పుతూ, ఆ ఐదు చోట్లా వదిలేసి రాస్తారు.